అరసున్న

లమారా రొట్టెల బండి మళ్ళీ వచ్చింది.
నిన్న సాయంత్రమేగా పంపించాం:
కొత్త పెట్రోల్ పంపు, కొత్త ఫిల్టర్,
ఇంజెక్టర్లు నాలుగూ విప్పి, కడిగి, మళ్ళీ బిగించి.
బిగించింది నేను.

"పరిగెడితే బాగానే ఉంది జుంబేర్,
నిలబడితేనే వణుకుతోంది" అంది లమారా.
"బడి గేటు దగ్గర ఆపితే చాలు,
వెనక అరల్లో రొట్టెలన్నీ
ఒకదాన్నొకటి తట్టి లేపుకుంటున్నాయి."

జెస్తఫోనిలో ఫిబ్రవరి.
ఫ్యాక్టరీ బూడిద కలిసి
మంచు కూడా తెల్లగా కురవదు ఇక్కడ.
షెడ్డు తలుపు సగం దించి
తాళంచెవి తిప్పాడు జుంబేర్.

ముల్లు ఎనిమిది వందల దగ్గర నిలవాలి.
ఆరొందలకి జారి, వెయ్యి దాకా ఎగబాకి,
మళ్ళీ జారి,
మెట్ల లెక్క తప్పిన తాగుబోతులా.
బ్యాటరీ మీద పెట్టిన టీ గ్లాసులో
వలయాలు, వలయాలు.

జుంబేర్‌కి ఎడమ చెవి వినపడదు.
పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి,
పిడి కుడి చెవి ముందరి ఎముకకి ఆనించి
కళ్ళు మూసుకుంటాడు.
అలా ఎంతసేపో.

తర్వాత పెట్రోల్ ఒత్తిడి చూశాడు.
గేజు మూడు దగ్గర కదలకుండా నిలబడింది.
రెగ్యులేటర్ గొట్టం పీకి వాసన చూశాడు,
నా ముక్కు దగ్గరా పెట్టాడు.
"ఏం వాసన?"
"రబ్బరు."
"పెట్రోల్ లేదుగా?"
"లేదు."
"అయితే దీని తప్పు లేదు" అని
మళ్ళీ తొడిగాడు
దానికి క్షమాపణ చెబుతున్నట్టు.

గుమ్మడికాయల దొంగ ఎవరని
ఎవరూ అడగలేదు.
నా భుజాలు నేనే తడుముకుంటున్నాను.

పొట్లంలో నాలుగు రబ్బరు రింగులు, ఆకుపచ్చవి,
చిటికెనవేలికి ఉంగరమంతవి.
ఒకటి నూనె చేతిలోంచి జారి
దొర్లుకుంటూ గుంట అడుగున జాలీలోకి పోయింది.
అప్పటికే చీకటి. విడిభాగాల కొట్టు మూసేశారు.
ఆఖరి బస్సు ఏడింటికి.
పాతదాన్నే తుడిచి
మూడో ఇంజెక్టర్‌కి తొడిగాను.
పదహారేళ్ళు వేడికి కాగి, ఒక పక్క అణిగి
నిండుసున్న ఎప్పుడో అరసున్నయింది.
అరసున్నని ఎవరు పలుకుతారు,
ఉన్నా లేకున్నా ఎవరికి తెలుస్తుంది
అనుకున్నాను.

ఇంజిన్ పలికింది.

ప్లగ్ తీగలు ఒక్కొక్కటే పీకి చూస్తున్నాడు.
ఒకటి: ఇంజిన్ కుంగింది. మళ్ళీ పెట్టాడు.
రెండు: కుంగింది.
నాలుగు: కుంగింది.
మూడు ఎందుకు దాటేశాడు?
చివరికి మూడు.
పీకినా పీకకపోయినా అదే కుంటు.
ప్లగ్గులన్నీ విప్పి కిటికీ వెలుగులో వరసగా పెట్టాడు.
మూడు టీ రంగు.
ఒకటి ఎముకలా తెలుపు.
"గాలి తింటోంది" అన్నాడు,
"లెక్కలో లేని గాలి."

లమారా గడియారం చూసుకుంది.
ఆసుపత్రి వంటగదికి పదింటికల్లా చేరాలట.

ప్లగ్గులు బిగించి, మళ్ళీ స్టార్ట్ చేసి,
స్ప్రే డబ్బా గిలకరించి
నా చేతికిచ్చాడు.
"ఎక్కడ కొట్టాలి, ఎతేరీ?"

మానిఫోల్డ్ అంచుంది.
బ్రేకు గొట్టముంది.
థ్రాటిల్ కింద గాస్కెట్ ఉంది.
అబద్ధానికి చోటుకేం, బోలెడుంది.

మూడో ఇంజెక్టర్ మొదట్లో కొట్టాను,
ఒక్క చిటికెడు.
వణుకు ఆగింది.
ముల్లు ఎనిమిది వందల మీద కూర్చుంది.
గ్లాసులో టీ అద్దమైంది.
ఒక క్షణం, రెండు, మూడు...
తడి ఆరిపోయింది. మళ్ళీ అదే దగ్గు.

"ఒక్క దెబ్బకే పట్టేసింది!" అంది లమారా,
"మంచి చెయ్యి ఈ పిల్లది."

జుంబేర్ ఇంజిన్ ఆపాడు.
చొక్కా జేబులోంచి కాగితం మడత తీసి విప్పాడు.
ఆకుపచ్చ సున్న.
కడిగినట్టున్నాడు, అయినా
జాలీ బురద ఒక గీతలా మిగిలే ఉంది.
"పొద్దున ఊడుస్తుంటే దొరికింది.
ఆ గీత తుడువు. పొడిగా తొడగకు, నలుగుతుంది.
కాస్త నూనె రాయి."

నేనేదో చెప్పబోయేసరికి
ఎడమ చెవి నా వైపు పెట్టుకుని
నిలబడ్డాడు.